ఊపిరికీ నెత్తురుకీ మధ్య ముడి

మనిషి దేహంలో ఆక్సిజన్‌కు గిడ్డంగి లేదు. తిన్న ఆహారంలో మిగులు కొవ్వుగానూ, కాలేయంలో గ్లైకోజెన్ అనే పిండిపదార్థంగానూ నిల్వ చేరుతుంది కాబట్టి తిండి లేకపోయినా దేహం కొన్ని వారాలు నిలుస్తుంది, నీరు లేకపోయినా కొద్ది రోజులు తట్టుకుంటుంది. ఆక్సిజన్ సంగతి వేరు. ఊపిరితిత్తుల్లోని గాలిలో, నెత్తురులో, కండరాల్లో ఉన్నదంతా కలిపినా ఒక వయోజనుడి దేహంలో ఉండేది సుమారు ఒకటిన్నర లీటరు మాత్రమే. ఏ పనీ చేయకుండా కూర్చున్న మనిషికే నిమిషానికి దాదాపు 250 మిల్లీలీటర్లు ఖర్చవుతాయి, ఉన్న నిల్వలో చివరి బొట్టు వరకు వాడుకునే వీలూ ఉండదు. అందుకే సరఫరా ఆగిపోయిన నాలుగైదు నిమిషాల్లో మెదడు కణాలు కోలుకోలేని దెబ్బ తినడం మొదలవుతుంది. పుట్టిన క్షణం నుంచి చివరి క్షణం దాకా గాలిలోని ఆక్సిజన్‌ను ఎడతెగకుండా లోపలికి తెచ్చే పని శ్వాసవ్యవస్థది, దాన్ని ప్రతి కణానికీ చేర్చి అక్కడ తయారైన కార్బన్ డయాక్సైడ్‌ను తిరిగి మోసుకొచ్చే పని రక్తప్రసరణ వ్యవస్థది.

పాఠ్యపుస్తకాల్లో ఈ రెండూ వేర్వేరు అధ్యాయాలుగా ఉండడం బోధనకు సౌకర్యమే తప్ప దేహంలో అలాంటి విభజన లేదు. ఊపిరితిత్తులకు వచ్చిన జబ్బు గుండెను కుంగదీస్తుంది, గుండె బలహీనపడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది, నెత్తురులో లోపముంటే గుండె, ఊపిరితిత్తులు రెండూ అదనపు భారం మోస్తాయి. ఈ ముడిని అర్థం చేసుకోవడానికి అవసరమైన ఉదాహరణలన్నీ శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల చుట్టుపక్కల నేలలోనే, అంటే ఒకవైపు బంగాళాఖాతం తీరం, మరోవైపు సీతంపేట కొండలు, మధ్యలో నాగావళి, వంశధార మాగాణి ఉన్న ఈ ఉత్తరాంధ్ర ప్రాంతపు జీవితంలోనే దొరుకుతాయి.

ముందుగా దారి తెలియాలి. ముక్కు ద్వారా లోపలికి వెళ్లిన గాలి వాయునాళం గుండా దిగి, రెండుగా చీలి, ఆ చీలికలు మళ్లీ మళ్లీ చీలుతూ చివరకు వాయుగోణులు అనే అతి చిన్న గాలి తిత్తుల్లోకి చేరుతుంది. ఒక మనిషి రెండు ఊపిరితిత్తుల్లో కలిపి ఇవి 30 నుంచి 50 కోట్ల దాకా ఉంటాయి, వాటి గోడలన్నిటినీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, అంటే ఇంచుమించు ఒక బ్యాడ్మింటన్ కోర్టంత వైశాల్యం వస్తుంది. వాయుగోణి గోడకు ఆనుకొనే కేశనాళికలు, అంటే ఎర్ర రక్తకణం ఒక్కొక్కటిగా మాత్రమే దూరి వెళ్లగలిగినంత సన్నని రక్తనాళాలు, అల్లుకొని ఉంటాయి. గాలికీ నెత్తురుకీ మధ్య అడ్డుగా ఉండే పొర మందం చాలాచోట్ల మీటరులో పదిలక్షల వంతు కన్నా తక్కువ. ఆ పలుచదనం వల్లనే ఆక్సిజన్ ఏ శక్తీ ఖర్చు కాకుండా, ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికి పోయే సహజ ధర్మం ప్రకారం నెత్తురులోకి చేరిపోతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒక ఎర్ర కణం ఆ కేశనాళికలో గడిపే కాలం ముప్పావు సెకను, దానిలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్ పూర్తిగా నిండడానికి అందులో మూడో వంతు చాలు.

అక్కడి నుంచి నెత్తురు గుండె ఎడమ భాగానికి వచ్చి, బృహద్ధమని ద్వారా దేహమంతటికీ వెళుతుంది. తిరిగివచ్చిన నెత్తురు గుండె కుడి భాగానికి చేరి, అక్కడి నుంచి మళ్లీ ఊపిరితిత్తులకే పోతుంది. చాలామంది గమనించని విషయం ఇక్కడే ఉంది. గుండెలో సగభాగం, అంటే కుడివైపున్న కర్ణిక, జఠరిక, కేవలం ఊపిరితిత్తుల కోసమే పనిచేస్తాయి, నిమిషానికి దేహమంతటికీ ఎంత నెత్తురు (సుమారు ఐదు లీటర్లు) వెళుతుందో సరిగ్గా అంతే నెత్తురు ఊపిరితిత్తుల గుండా కూడా వెళ్లితీరాలి. అయితే ఎడమ జఠరిక 120 మిల్లీమీటర్ల పాదరస పీడనంతో నెట్టే నెత్తురును కుడి జఠరిక 25 మిల్లీమీటర్ల పీడనంతోనే నెట్టగలుగుతుంది, ఎందుకంటే ఊపిరితిత్తుల్లోని నాళాలు దగ్గరగా, విశాలంగా, మెత్తగా ఉంటాయి. ఆ మెత్తదనం పోయిన రోజున కుడి జఠరికకు కష్టాలు మొదలవుతాయి.

ఈ దారిని మనిషి కనిపెట్టడానికి చాలా శతాబ్దాలు పట్టింది. గుండె కుడివైపు నుంచి ఎడమవైపుకు నెత్తురు ఊపిరితిత్తుల గుండానే వెళుతుందని 13వ శతాబ్దపు అరబ్బు వైద్యుడు ఇబ్న్ అల్ నఫీస్ రాశాడు. నెత్తురు దేహంలో వలయంగా తిరుగుతుందని 1628లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే లెక్కలతో నిరూపించాడు, ధమనులనూ సిరలనూ కలిపే కేశనాళికలను 1661లో ఇటలీ శాస్త్రజ్ఞుడు మార్సెల్లో మాల్పిఘీ సూక్ష్మదర్శినిలో కప్ప ఊపిరితిత్తుల్లో చూశాడు. వలయంలోని ఆఖరి ఖాళీ పూడింది ఊపిరితిత్తుల్లోనే.

ఊపిరికీ నెత్తురుకీ ఉన్న ముడిని వేల మంది జనం ముందు ప్రదర్శించిన తెలుగువాడు కోడి రామ్మూర్తి నాయుడు. నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టంలో 1882లో పుట్టి, విజయనగరంలో వ్యాయామం నేర్చి, అక్కడి ఉన్నత పాఠశాలలో వ్యాయామ శిక్షకుడిగా పనిచేసి, ఆ తర్వాత సర్కస్ కంపెనీతో దేశమంతా తిరిగిన ఆయనను జనం కలియుగ భీముడన్నారు, ఇండియన్ హెర్క్యులస్ అన్నారు. శ్రీకాకుళం పట్టణంలోని క్రీడా మైదానానికి ఆయన పేరే ఉంది. ఆయన ప్రదర్శనల్లో అన్నిటికన్నా ప్రసిద్ధమైనవి రెండు. రొమ్ము చుట్టూ ఇనుప గొలుసు బిగించి, గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి దాన్ని తెంచడం ఒకటి, వెల్లకిలా పడుకొని రొమ్ముమీద పలక వేయించి దానిపై ఏనుగును నిలబెట్టించుకోవడం రెండోది. ఈ బలమంతా ప్రాణాయామ సాధన వల్ల వచ్చిందని ఆయన జీవిత కథలు చెబుతాయి. ఆ మాటను భక్తితో ఒప్పుకొని ఊరుకోవడం కన్నా, కొట్టిపారేయడం కన్నా, రొమ్ము లోపల ఆ సమయంలో ఏం జరుగుతుందో పరిశీలించడమే ఆయనకు తగిన గౌరవం.

మామూలు శ్వాసలో రొమ్ముకూ పొట్టకూ మధ్య ఉండే విభాజక పటలం అనే గుమ్మటం వంటి కండరం కిందికి దిగుతుంది, పక్కటెముకల మధ్య కండరాలు వాటిని పైకీ బయటికీ లేపుతాయి. రొమ్ములో చోటు పెరిగి పీడనం తగ్గడంతో గాలి లోపలికి వస్తుంది. ఒక్కో శ్వాసలో వచ్చే అర లీటరు గాలిలో 150 మిల్లీలీటర్ల దాకా నాళాల్లోనే ఉండిపోయి వాయుగోణులకు చేరదు. గట్టిగా పీల్చి పూర్తిగా వదిలితే ఆరోగ్యవంతుడైన పురుషుడు నాలుగున్నర, ఐదు లీటర్ల దాకా గాలిని కదిలించగలడు, అయినా మరో లీటరుకు పైగా గాలి ఎప్పటికీ బయటకు రాకుండా ఊపిరితిత్తులను ముడుచుకుపోనివ్వకుండా కాపాడుతుంది. రామ్మూర్తి చేసినట్టు నిండుగా పీల్చి, కంఠంలోని స్వరద్వారాన్ని మూసి, పొట్ట కండరాలనూ పక్కటెముకల కండరాలనూ ఒక్కసారిగా బిగిస్తే, లోపల బందీ అయిన గాలి పీడనం అమాంతం పెరిగి, రొమ్ముగూడు లోపలి నుంచి ఆసరా పొందిన గట్టి కట్టడంలా మారుతుంది. గొలుసుపై పడే బలానికీ, పలక మీదుగా పరుచుకున్న ఏనుగు బరువును ఎముకలు విరగకుండా ఆపడానికీ ఆ గాలి పీడనమే అండ.

కానీ ఆ అండకు గుండె మూల్యం చెల్లిస్తుంది. మామూలుగా గాలి పీల్చిన ప్రతిసారీ రొమ్ములో పీడనం తగ్గడం వల్ల కాళ్ల నుంచి, పొట్ట నుంచి సిరల నెత్తురు గుండెవైపుకు లాగబడుతుంది, అంటే శ్వాస గాలినే కాదు, నెత్తురును కూడా నడిపిస్తుంది. ఊపిరి బిగబట్టి నొక్కినప్పుడు ఇది తలకిందులవుతుంది. రొమ్ములో పీడనం పెరిగి పెద్ద సిరలు నొక్కుకుపోవడంతో గుండెకు తిరిగివచ్చే నెత్తురు తగ్గుతుంది. మొదటి ఒకటి రెండు సెకన్లు రక్తపోటు పెరిగినా వెంటనే పడిపోవడం మొదలవుతుంది, దాన్ని నిలబెట్టడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది, నాళాలు బిగుసుకుంటాయి. బిగువు వదిలిన కొద్ది సెకన్లకు, ఆగిన నెత్తురంతా బిగుసుకున్న నాళాల్లోకి పరుగెత్తి రక్తపోటు మామూలు స్థాయిని దాటి ఎగసి, గుండె వేగం తగ్గుతుంది. ఇటలీ శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు ఆంటోనియో మరియా వల్సాల్వా పేరుమీద వైద్యులు దీన్ని వల్సాల్వా ప్రక్రియ అంటారు. అందుకే ఇలాంటి విన్యాసం కొద్ది సెకన్లలో ముగియాలి, ఇంకా సాగదీస్తే మెదడుకు నెత్తురు చాలక మనిషి సొమ్మసిల్లుతాడు. గుండె జబ్బున్నవాళ్లు మలబద్ధకంతో ముక్కకూడదనీ, ఊపిరి బిగబట్టి బరువులెత్తకూడదనీ వైద్యులు చెప్పే జాగ్రత్తకు కారణం ఇదే.

ప్రాణాయామం ఊపిరితిత్తులను పెద్దవిగా చేయదు, పెద్దయ్యాక వాయుగోణుల సంఖ్య కూడా సాధనతో పెరగదు. పెరిగేవి శ్వాస కండరాల బలం, వాటిపై అదుపు, గాలి ఆడకపోతే కలిగే తహతహను తట్టుకునే ఓర్పు. ఊపిరి ఆపినప్పుడు మనిషిని ముందుగా కలవరపెట్టేది ఆక్సిజన్ కొరత కాదు, నెత్తురులో పెరిగే కార్బన్ డయాక్సైడ్. మెదడు అడుగున మజ్జాముఖంలోని కణాలు ఆ పెరుగుదలను గుర్తించి శ్వాస తీసుకొమ్మని ఒత్తిడి చేస్తాయి, సాధకుడికి ఆ ఒత్తిడిని కాసేపు భరించడం అలవాటవుతుంది. నెమ్మదైన శ్వాసకు మరో ఫలమూ ఉంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకొని నిదానంగా శ్వాస తీస్తే, పీల్చేటప్పుడు నాడి కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నిదానంగా కొట్టుకోవడం చాలామందికి, ముఖ్యంగా యువతీయువకులకు, స్పష్టంగా తెలుస్తుంది. ఇటలీకి చెందిన లూసియానో బెర్నార్డి బృందం 2001లో ప్రచురించిన పరిశోధనలో క్రైస్తవ జపమాల ప్రార్థన గానీ, యోగ మంత్రం గానీ జపించేవారి శ్వాస నిమిషానికి ఆరుకు దగ్గరగా తగ్గిందనీ, ఆ లయలో రక్తపోటును సరిదిద్దే నాడీ యంత్రాంగం మరింత చురుగ్గా స్పందించిందనీ తేలింది. రెండు వేర్వేరు మతాల జపాలు దేహాన్ని ఒకే లయకు చేర్చడం ఎంతో సంతోషం కలిగించే విషయం.

రామ్మూర్తి తర్వాత దాదాపు శతాబ్దానికి, ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో బరువులెత్తడం నేర్చిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచారు. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆమే. బరువు భుజాలమీదకు వచ్చే క్షణంలో వెన్నెముకకు ఆసరాగా లిఫ్టర్లు చేసేది ఆ ఊపిరి బిగబట్టే పనే. అయితే ఇక్కడ అవయవాలన్నీ కలిసి బిగుసుకోవడం వల్ల రక్తపోటు పడిపోవడానికి ముందు అసాధారణ స్థాయికి ఎగుస్తుంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1985లో బాడీబిల్డర్ల చేతి ధమనిలోనే సూది ఉంచి కొలిచినప్పుడు, రెండు కాళ్లతో బరువు నెట్టే సమయంలో రక్తపోటు సగటున 320/250 దాకా వెళ్లింది. శిక్షణ పొందిన, ఆరోగ్యమైన నాళాలు క్షణకాలం దాన్ని తట్టుకుంటాయి కానీ, అప్పటికే రక్తపోటు ఉండి, అది ఉన్నట్టు తెలియని మధ్యవయస్కుడు జిమ్‌లో మొదటిరోజే పెద్ద బరువుకు పోటీపడడం ప్రమాదకరం.

మరో విశేషం ఆ కొద్ది సెకన్లలో కండరం వాడుకున్న శక్తి గురించి. బరువెత్తేంత తక్కువ సమయంలో ఊపిరితిత్తుల నుంచి కొత్త ఆక్సిజన్ కండరానికి చేరి పనిచేయడం కుదరదు. ఆ పనికి కండరంలోనే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం సిద్ధంగా ఉంటుంది. దాన్ని 1927లో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి కనిపెట్టింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. దేహంలోని కణాలన్నిటికీ శక్తి నాణెంలా చెలామణీ అయ్యే ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో ఫిస్క్, సుబ్బారావు విడివిడిగా గుర్తించారు. ఫాస్ఫోక్రియాటిన్ నిల్వ తీవ్రశ్రమకు పది సెకన్ల పాటే సరిపోతుంది. ఆ తర్వాత దాన్ని తిరిగి నింపడానికి ఆక్సిజన్ కావాలి, బరువు దించాక లిఫ్టర్ రొప్పడానికి ఒక కారణం అదే. ముందు అప్పు చేసి తర్వాత ఊపిరితో తీర్చడమన్న మాట.

ఎచ్చెర్ల మండలంలోని బుడగట్లపాలెం, డి.మత్స్యలేశం వంటి తీర గ్రామాల్లో శ్రమ తీరు వేరు. తెప్పను అలలు దాటించడం, ఒడ్డున వరుసగా నిలబడి పెద్దవలను లాగడం గంటల తరబడి సాగే పని, దానికి పది సెకన్ల నిల్వలు ఎటూ చాలవు. అలాంటి శ్రమలో గుండె నిమిషానికి నెట్టే నెత్తురు ఐదు లీటర్ల నుంచి ఇరవై లీటర్ల దాకా పెరుగుతుంది. విశ్రాంతిలో ఐదో వంతు నెత్తురు కూడా అందని కండరాలకు తీవ్రశ్రమలో ఐదింట నాలుగు వంతులు పోతుంది, ఊపిరితిత్తుల్లోకి వచ్చిపోయే గాలి నిమిషానికి ఏడెనిమిది లీటర్ల నుంచి ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆరోగ్యవంతుడిలో ముందుగా హద్దుకు వచ్చేది ఊపిరితిత్తులు కాదు, గుండె. ఏళ్ల తరబడి ఇలా శ్రమించేవారి గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ నెత్తురు నెట్టగలదు కాబట్టి విశ్రాంతిలో తక్కువసార్లు కొట్టుకుంటే చాలు. రోజూ వేగంగా నడిచేవారికీ కొంత మేరకు ఈ లాభం దక్కుతుంది.

ఇంత గట్టి దేహాలున్న ఈ తీరంలోనే ఊపిరికి పెద్ద చేటు చేసే అలవాటు కూడా తరతరాలుగా ఉండిపోయింది. చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకొని కాల్చే అడ్డపొగ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీర గ్రామాల్లో, ముఖ్యంగా మధ్యవయసు దాటిన స్త్రీలలో, వాడుకలో ఉంది. 1960ల చివర్లో శ్రీకాకుళం జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి 10,169 మంది గ్రామస్తుల నోళ్లు పరీక్షించిన శాస్త్రజ్ఞుల అధ్యయనం 1971లో వెలువడింది. వారిలో పది మందిలో నలుగురికి పైగా అడ్డపొగ కాల్చేవారేనని అందులో తేలింది. నిప్పు వేడికి అంగిలి తెల్లబారి, పుండుపడి, కొందరిలో అది క్యాన్సర్‌గా మారడాన్ని వైద్యలోకం ఈ ప్రాంతం నుంచే వివరంగా నేర్చుకుంది. వంటా, వలా, చేపల బుట్టా మోసుకుంటూ రోజంతా నిలబడిన ఆ తల్లులకు ఆ పొగ కాసింత సుఖాన్నిచ్చి ఉండవచ్చు. అందుకు వాళ్లు చెల్లించిన ధర మాత్రం చాలా ఎక్కువ.

పొగాకు పొగలో గుండెకూ ఊపిరికీ ఒకేసారి హాని చేసేది కార్బన్ మోనాక్సైడ్, రంగూ వాసనా లేని వాయువు. ఇది ఆక్సిజన్ కూర్చోవలసిన హీమోగ్లోబిన్ స్థానంలోనే, ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. అది అంటిన మేరకు హీమోగ్లోబిన్ మోసుకెళ్లే ఆక్సిజన్ తగ్గుతుంది, మిగిలిన ఆక్సిజన్‌ను కూడా కణాలకు సులభంగా వదలదు. గుండె తనకు అందవలసిన ఆక్సిజన్ తగ్గిన సమయంలోనే నికోటిన్ ప్రభావంతో ఇంకా వేగంగా కొట్టుకోవలసి వస్తుంది. ఊరట కలిగించే సంగతి ఏమంటే, పొగ మానితే కార్బన్ మోనాక్సైడ్ ఒకటి రెండు రోజుల్లోనే నెత్తురు నుంచి పోతుంది. ఊపిరితిత్తుల నష్టం అంత త్వరగా మానదు. వయసు పాతికేళ్లు దాటాక ఊపిరి బలం ఎవరికైనా ఏటా కొద్దికొద్దిగా తగ్గుతుంది, పొగకు తట్టుకోలేని దేహాల్లో ఆ తరుగుదల ఎంతో వేగవంతమవుతుంది. బ్రిటన్‌లో చార్లెస్ ఫ్లెచర్, రిచర్డ్ పీటో 1977లో చూపించినట్టు, మానిన రోజు నుంచి తరుగుదల వేగం మళ్లీ మామూలు స్థాయికి వస్తుంది కానీ, పోయిన బలం తిరిగిరాదు. అందుకే నలభై ఏట మానినవాడికీ అరవై ఏట మానినవాడికీ ఎంతో తేడా ఉంటుంది, అరవై ఏట మానినా లాభం ఉండనే ఉంటుంది.

చుట్ట ముట్టని స్త్రీలను కూడా పొగ వదల్లేదు. కిటికీ లేని వంటింట్లో కట్టెలు, పిడకలు, జీడిపిక్కల తొక్కలు రాజేసి ఊదుతూ గడిపిన ఏళ్లు ఊపిరితిత్తుల్లో మిగిల్చిన మచ్చలను భారతదేశంలో తొలుత గట్టిగా ఎత్తిచూపినవారిలో ఢిల్లీలో పనిచేసిన హృద్రోగ వైద్యురాలు ఎస్. పద్మావతి ముఖ్యులు. ఆమె బృందం 1959లో అక్కడి 127 మంది రోగుల గురించి ప్రచురించిన అధ్యయనంలోని జబ్బు కుడి జఠరిక కుంగిపోవడం. కారణం గుండెలో లేదు. పొగ తగిలి నాళికలు వాచి, వాయుగోణుల గోడలు చితికి, వాటితో పాటు కేశనాళికలు నశించడంతో ఊపిరితిత్తుల్లో నెత్తురుకు దారి ఇరుకవుతుంది. పైగా ఆక్సిజన్ అందని చోట్ల నాళాలు తమంతట తామే బిగుసుకుంటాయి. ఆ ఎదురొత్తిడికి పల్చటి గోడలున్న కుడి జఠరిక మొదట లావెక్కి, తర్వాత సాగి, చివరకు చేతులెత్తేస్తుంది. నెత్తురు వెనక్కి తన్ని కాళ్లు వాస్తాయి, కాలేయం ఉబ్బుతుంది, కంఠంలో సిరలు తేలుతాయి. ఊపిరితిత్తుల దెబ్బ గుండెకు తగలడమంటే ఇదే. దీర్ఘకాలంగా దగ్గు, ఎగశ్వాస ఉన్న స్త్రీకి కాళ్ల వాపు కనిపించినప్పుడు అది వయసు ప్రభావమని కొట్టిపారేయడం ఆమె పట్ల అన్యాయం.

గృహాల్లోని పొగవల్ల 2020లో ప్రపంచమంతటా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది. మన దగ్గర 1999లో మొదలైన దీపం పథకం, 2016లో ప్రారంభమైన ఉజ్వల పథకం గ్యాస్ పొయ్యిలను పల్లెలకు చేర్చాయి, ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల దీపం-2 పథకాన్ని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లాలోనే ఇచ్ఛాపురం దగ్గరి ఈదుపురంలో ప్రారంభించారు. సిలిండర్ ఉన్నా ఖర్చుకు వెరచి సగం వంట కట్టెల మీదే సాగితే ఊపిరితిత్తులకు లాభం సగం కన్నా తక్కువే, ఎందుకంటే పొగ సూక్ష్మకణాల హాని తక్కువ మోతాదుల్లో కూడా గణనీయంగానే ఉంటుంది.

ఊపిరితిత్తులూ గుండే బాగున్నా నెత్తురు బలహీనమైతే సరఫరా దెబ్బతింటుంది. ఒక గ్రాము హీమోగ్లోబిన్ 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంది. 100 మిల్లీలీటర్ల నెత్తురులో 15 గ్రాములున్న మనిషికి దాదాపు 20 మిల్లీలీటర్లు మోసే శక్తి ఉంటే, ఏడు గ్రాములకు పడిపోయిన గర్భిణికి అందులో సగం కూడా ఉండదు. ఎంత గాఢంగా శ్వాస తీసినా ఆ కొరత తీరదు, ఎందుకంటే కొరత గాలిలో లేదు, గాలిని మోసే వాహకంలో ఉంది. గుండె ఎక్కువసార్లు కొట్టుకొని తక్కువ సరుకున్న నెత్తురునే ఎక్కువగా తిప్పవలసి వస్తుంది. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, ఎయిమ్స్ డైరెక్టరుగా, భారత వైద్య పరిశోధన మండలి అధిపతిగా పనిచేసిన వులిమిరి రామలింగస్వామి 1996లో దక్షిణాసియా పిల్లల్లోని పోషకలోపంపై సహ రచయితలతో రాసిన వ్యాసంలో మూలాన్ని స్త్రీల స్థితిలోనే చూశారు. రక్తహీనత సంగతీ అంతే. ఆకుకూరలూ గుడ్లూ గురించి చెప్పడంతోనే అది పోదు, ఇంట్లో ఆఖరున తినే మనిషి కంచంలో ఏం మిగిలిందన్నది చూడాలి.

ఏజెన్సీలో మరో జబ్బుంది. సీతంపేట, పార్వతీపురం కొండల్లోని సవర, జాతాపు వంటి తెగల్లో కొందరికి పుట్టుకతో వచ్చే సికిల్ సెల్ జబ్బులో హీమోగ్లోబిన్‌లోని ఒకే ఒక అమైనో ఆమ్లం మారిపోయి, ఆక్సిజన్ వదిలిన మరుక్షణం ఆ అణువులు ఒకదానికొకటి అతుక్కొని, గుండ్రటి ఎర్ర కణాన్ని కొడవలి ఆకారంలోకి వంచుతాయి. మామూలు కణం 120 రోజులు బతికితే ఇది పది, ఇరవై రోజుల్లోనే చితికిపోతుంది, అందుకే రక్తహీనత ఎప్పటికీ తీరదు. తల్లిదండ్రులలో ఒక్కరి నుంచే ఈ మార్పు వచ్చినవారికి జబ్బు ఉండదు, పైగా తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. మలేరియా పీడిత ప్రాంతాల్లో ఈ జన్యువు తరతరాలుగా నిలిచిపోవడానికి అదే కారణం. తల్లిదండ్రులిద్దరూ ఇలాంటి వాహకులైతే ప్రతి బిడ్డకూ నాలుగో వంతు అవకాశంతో జబ్బు సంక్రమిస్తుంది. దీన్ని 2047 నాటికి ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలన్న లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న జాతీయ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది, నలభై ఏళ్ల లోపు వయసున్న ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయడం అందులో భాగం.

ఈ జబ్బులో వైద్యులను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది ఊపిరితిత్తుల్లో వచ్చే దాడి. జలుబో, నెమ్మో తగిలి వాయుగోణుల్లో ఆక్సిజన్ కాస్త తగ్గితే అక్కడి కణాలు వంగుతాయి. వంగిన కణాలు కేశనాళికలను మూసేస్తాయి, మూసుకుపోయిన భాగానికి నెత్తురు పోక ఆక్సిజన్ ఇంకా తగ్గి మరిన్ని కణాలు వంగుతాయి. రొమ్మునొప్పి, జ్వరం, ఆయాసంతో మొదలైన ఆ వలయం గంటల్లోనే కుడి జఠరికను లొంగదీయగలదు. గాలి, నెత్తురు, గుండె మూడూ ఒకేసారి ఒకదాన్నొకటి పడగొట్టే స్థితి ఇంతకన్నా స్పష్టంగా వైద్యంలో మరెక్కడా కనిపించదు. చికిత్స కూడా మూడు వైపుల నుంచీ సాగాలి. ఆక్సిజన్ పెట్టడం, యాంటీబయాటిక్ ఇవ్వడం, ఆరోగ్యవంతుడి నెత్తురు ఎక్కించడం వెంటనే జరగాలి. హైడ్రాక్సీయూరియా అనే మాత్ర రోజూ వాడుతూ, క్రమం తప్పకుండా రక్తపరీక్షలు చేయించుకొనే పిల్లల్లో గర్భస్థ శిశువు నాటి హీమోగ్లోబిన్ మళ్లీ పెరిగి, కణాలు వంగడం తగ్గి, ఇలాంటి దాడులు సగానికి సగం తగ్గాయని పరిశోధనల్లో తేలింది. కాబట్టి కొండ గూడెంలోని బిడ్డకు జ్వరంతో పాటు రొమ్ములో నొప్పి గానీ, శ్వాస వేగం గానీ కనిపిస్తే మామూలు నెమ్మని ఇంట్లో ఉంచకుండా, సికిల్ సెల్ ఉన్న సంగతి ముందే చెప్పి, ఆక్సిజన్ సౌకర్యం, రక్తం ఎక్కించే ఏర్పాటు ఉన్న ఆసుపత్రికి ఆ రోజే తీసుకెళ్లాలి.